ఆరో పాఠం కింద కృత్యం

జూన్ 4

అక్కకు,

కవరు బరువు చూసి బావ "మళ్ళీ వచ్చింది మీ తమ్ముడి ఇస్త్రీ మూట" అనే ఉంటాడు. ఇస్త్రీ చేయవలసింది మాత్రం నువ్వే. తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రంలో పౌరశాస్త్రం భాగం, ఆరో పాఠం, "మన వార్డు, మన సభ". ఇరవై రెండు పేజీల ప్రూఫు. ఎప్పటిలాగే ఇది మా పాఠ్యపుస్తకాల కార్యాలయం గడప దాటకూడని కాగితం, ఎప్పటిలాగే దాటింది. ఫోన్లో పంపితే జాడ మిగులుతుంది. ఫోన్ చేసి చదివి వినిపిద్దామంటే మూడో నిమిషానికి మనిద్దరం పోట్లాడుకుంటాం. కాబట్టి మనకు పోస్టే శరణ్యం.

పన్నెండేళ్ళుగా ఈ పాఠం చివర ఒకే ప్రశ్న ఉంది. "పౌరుల బాధ్యతలు ఆరింటిని పేర్కొనుము." పిల్లలు ఆరూ గడగడా పేర్కొంటారు, ఏడోది అడిగితే తెల్లమొహం వేస్తారు. ఈసారి ఆ ప్రశ్న తీసేసి ఒక కృత్యం పెట్టాను. ఇరవై ఒకటో పేజీ చూడు. పిల్లలు తమ వార్డు సభకు వెళ్ళాలి. అక్కడ ఏం జరిగిందో రాసుకోవాలి. ఆ తరువాత నోటీసు బోర్డులో పెట్టిన తీర్మానంతో దాన్ని పోల్చాలి. తేడా కనిపిస్తే వార్డు కార్యాలయానికి ఉత్తరం రాయాలి. మొత్తం నాలుగు పంక్తులు. వాటి కోసం రచనా సంఘంలో నాలుగు నెలలు కూర్చున్నాను. ఒక పెద్దాయన "పిల్లలకి సభలెందుకండీ, పెద్దవాళ్ళమే వెళ్ళడం మానేశాం కదా" అన్నాడు. నవ్వించడానికి అన్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇరవై రెండేళ్ళు ఆ తరగతి గదిలో నిలబడినదానివి. నీకు తెలిసినది నాకూ, ఆ సంఘంలో పద్నాలుగు మందికీ తెలియదు. పది రోజుల్లో తిప్పి పంపు. నీ ఎర్రసిరాకు ప్రాణం అలవాటు పడిపోయింది, మొహమాటపడకు.

నీ తమ్ముడు

&nbsp;

జూన్ 13

చిన్నా,

మీ బావ ఇస్త్రీ మూట అనలేదు. "గాడిద మోత" అన్నాడు. గాడిద ఎవరో మాత్రం చెప్పలేదు.

పాఠం చదివాను. రెండోసారి కుర్చీలో నిటారుగా కూర్చుని చదివాను. నువ్వు రాసినవాటిలో ఇదే మంచిది, ఈ మాట మళ్ళీ నా నోట రాదు, దాచుకో. పోయిన వారం తరగతిలో ఒక పరీక్ష పెట్టాను. "మన వార్డు సభ్యుడెవరు?" అని అడిగితే ముప్పై ఎనిమిది మందీ బల్లల కేసి చూశారు. "వార్డు సభ్యుని విధులు చెప్పండి" అంటే ముప్పై ఎనిమిది మందీ ఒక్క గొంతుతో ఎనిమిది విధులూ అప్పజెప్పారు. అయ్యాక మూడో బెంచీ నుంచి ఒక పిల్ల, "ఆయనకి ఇన్ని పనులున్నాయి గనకే కనబడ్డం లేదేమో మేడం" అంది.

ఈ పిల్లని తరగతిలో ఆడిటరు అంటారు. కంటబడిందల్లా లెక్కపెడుతుంది. మెట్లు, కిటికీ ఊచలు, నేను "అర్థమైందా" అని గంటలో ఎన్నిసార్లంటానో. నిన్న పదిహేడట. తండ్రి గాజు సీసాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. అమ్మాయి చదువు గురించి అడగడానికి నెలకోసారి బడికి వచ్చే తండ్రి ఆయనొక్కడే.

దిద్దుబాట్లు నలభై మూడు, అన్నీ ప్రూఫు మీదనే ఉన్నాయి. అయిదో పేజీలో బొమ్మ వేసినాయన సభలో ఆడవాళ్ళందరినీ వెనక వరసలో కూర్చోబెట్టాడు. ముందుకు తెమ్మను. ఇరవై ఒకటో పేజీ పక్కన పెద్ద అక్షరాలతో ఒకే మాట రాశాను, అది తప్పక పట్టించుకో: "జవాబు రాని ఉత్తరం పిల్లల చేత రాయించకు."

అచ్చుపుస్తకాలు ఎలాగూ ఆగస్టు దాకా మా ముఖం చూడవు. అందుకని పాఠానికి ఒక నకలు తీసుకుని నీ ప్రూఫు తిప్పి పంపుతున్నాను. జూలైలో దీనితోనే చెబుతాను.

మరదలికి నడుము నొప్పి తగ్గిందా? నేల మీద కూర్చుని కూరలు తరగవద్దని నేనన్నానని చెప్పు.

అక్క

&nbsp;

జూలై 2

అక్కా,

నీ ప్రూఫు విప్పగానే నా పక్క బల్ల దగ్గరి బొమ్మలాయన "ఎవరినైనా పొడిచారా సార్" అన్నాడు. అయిదో పేజీ విషయం చెబితే కాసేపు అలిగి, ఆడవాళ్ళను రెండో వరసకు తెచ్చాడు. మొదటి వరసకు తేవడానికి ఇంకో ముద్రణ పడుతుంది.

నలభై మూడింటిలో నలభై ఒకటి చేశాను. ఇరవై ఒకటో పేజీ గురించి నువ్వన్నది నిజం. అంతసేపు ఆలోచించిన నాకు అది తట్టనే లేదు. నీ మాట ప్రకారమే సరిచేశాను. సంఘం ఒక్క నిమిషంలో ఆమోదించింది! నాలుగు నెలలు బిగుసుకు కూర్చున్నవాళ్ళు నీ ఒక్క వాక్యానికి తలలూపేశారు. నువ్వెవరో చెప్పలేదనుకో, "క్షేత్రస్థాయి అభిప్రాయం" అన్నాను.

మా ప్రధాన సంపాదకులు చలికాలంలో పదవీ విరమణ చేస్తారు. ఆ కుర్చీకి ఇద్దరి పేర్లు వినబడుతున్నాయి, ఒకటి నాది. ఈ సంగతి బావకు కూడా చెప్పకు. నడుము నొప్పి తగ్గలేదు, కూరలు మాత్రం ఇప్పుడు నేను తరుగుతున్నాను. నువ్వన్నావని చెప్పగానే కత్తిపీట నా ముందు పెట్టింది.

నీ తమ్ముడు

&nbsp;

ఆగస్టు 9

చిన్నా,

ఈ ఉత్తరం పొడుగవుతుంది, కూర్చుని చదువు.

మా పెద్ద మేడంని అడిగి, ఆవిడ "సరే, సాయంత్రం నాలుగింటికల్లా తిరిగి రండి" అంటే, పిల్లల్ని తీసుకుని వార్డు సభకు వెళ్ళాను. వార్డు కార్యాలయం పై అంతస్తులో హాలు, రెండు ఫ్యాన్లు. ఒకటి తిరుగుతుంది, రెండోది దాన్ని చూస్తుంది. పిల్లలు గోడవారగా నేల మీద కూర్చున్నారు. వార్డు సభ్యుడు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, మమ్మల్ని చూసి "ఏం, బడికి సెలవా?" అన్నాడు. వీధి దీపాల గురించి మాట్లాడారు, మురుగు కాలువ గురించి మాట్లాడారు. మూడోది మా బడి వెనక ఖాళీ స్థలం, పిల్లలు ఆడుకునేది. "అది తరువాత చూద్దాం" అని లేచిపోయారు. మొత్తం గంటంబావు.

మెట్లు దిగుతుండగా ఆడిటరు నా కొంగు పట్టుకుని, "పెద్దవాళ్ళు పంతొమ్మిది మంది మేడం. టీ తెచ్చినాయన్ని కూడా కలిపాను, తీసేయమంటారా?" అంది. ఉండనిమ్మన్నాను.

నీ పాఠంలో ఉన్నట్టే తీర్మానాన్నీ, హాజరు పట్టీనీ ఏడు రోజులు నోటీసు బోర్డులో ఉంచుతారు. మూడో రోజు వెళ్ళి చూశాం. హాజరు నూట పన్నెండు. బడి వెనక స్థలంలో చెత్త బళ్ళ షెడ్డు కట్టడానికి సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఆ బోర్డు దగ్గర నేను నోరు విప్పలేదు, నమ్ము. అంతా వాళ్ళే చదువుకున్నారు. ఒక పిల్ల, "మా అమ్మ వేలిముద్ర వేస్తుంది మేడం, ఇక్కడ సంతకం ఉంది" అంది. ఇంకొకరు, "ఇది మా నాన్న సంతకం కాదు మేడం" అన్నారు. ఎలా చెప్పగలవని అడిగాను. "ప్రోగ్రెస్ కార్డు మీద నేనే వేస్తాను కదా మేడం, నాకు తెలీదా." ఎప్పుడో ఒకప్పుడు ఈ నేరానికి వేరే శిక్ష వేయాలి. ఆడిటరు మాత్రం చాలాసేపు ఒక్క గీత దగ్గరే నిలబడింది. అది వాళ్ళ నాన్న పేరు. "ఆ రోజు మా నాన్న పగటి షిఫ్టు మేడం. అన్నం నేనే ఇచ్చొచ్చాను."

ముప్పై ఎనిమిది మందీ ఉత్తరాలు రాశారు. ఎవరినీ ఒక్క మాట అనకుండా, చూసింది మాత్రమే రాయమన్నాను. ఆఖరి పంక్తి అందరిదీ ఒకటే: "ఈ తేడాకు కారణం దయచేసి తెలుపగలరు." వార్డు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. రసీదు తీసుకోవడం కూడా పౌరశాస్త్రమే.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, గంట కొట్టాక కూడా పిల్లలు బయటికి పోలేదు. జవాబు తప్పక వచ్చేలా నువ్వు పుస్తకంలో ఏం ఏర్పాటు చేశావో చూడాలని ఆత్రంగా ఉంది. అధికారులు ఇన్ని రోజుల్లో బదులివ్వాలని పెట్టావా? త్వరగా ఆ పుస్తకాలు పంపించు నాయనా.

గర్వంతో ఉన్న నీ అక్క

&nbsp;

ఆగస్టు 18

అక్కా,

నిజంగానే ఇచ్చి వచ్చారా ఉత్తరాలు?

నువ్వు మంచి చేద్దామనే చేశావు, కాదనను. కానీ చిన్నప్పటి నుంచీ నీదొకటే పద్ధతి, తలుపు తడితే పోయేదానికి తోసేస్తావు. అచ్చుపుస్తకం రాకముందే పాఠం మొదలుపెట్టడం ఏమిటి? పుస్తకాలు వారంలో అక్కడికి చేరతాయి. అంతదాకా ఆ నకలు ఎవరికీ చూపించకు. తిరిగి ఉత్తరాలేవీ రాయించకు. వార్డు సభ్యుడు కనబడితే మర్యాదగా పలకరించు.

ఇంతకన్నా కాగితం మీద రాయలేను. పుస్తకం వచ్చాక ఆరో పాఠం చివరి కృత్యం చూడు, నీకే అర్థమవుతుంది. నీ మీద నాకు కోపం లేదు.

తమ్ముడు

&nbsp;

ఆగస్టు 31

తమ్ముడికి,

నా మీద నీకు కోపం లేనందుకు సంతోషం.

పుస్తకాలు వచ్చాయి, ఆ కృత్యం చూశాను. "మీరు మీ వార్డు సభకు వెళ్ళినట్లు ఊహించి, వార్డు కార్యాలయానికి ఒక ఉత్తరం రాసి, మీ ఉపాధ్యాయులకు చూపండి." ఊహించి! చూసి రాసిన పిల్లల చేతుల్లో ఈ పుస్తకం పెట్టాను. ఆడిటరు చదివి, "మేడం, మనం తప్పు చేశామా?" అని అడిగింది. అంత నెమ్మదిగా ఆ పిల్ల ఎప్పుడూ మాట్లాడలేదు.

జూలైలో "నీ మాట ప్రకారమే సరిచేశాను" అన్నావు. నేను ఎప్పుడన్నాను ఈ మాట?

ఆ మరునాడే మెమో వచ్చింది. మూడు ఆరోపణలు. అనుమతి లేకుండా పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడం మొదటిది. పెద్ద మేడం అనుమతి నోటిమాట, ఇప్పుడు ఆవిడకు గుర్తు లేదు. మూడోది, పిల్లల్ని రాజకీయాలకు వాడుకోవడం. దానికి నా దగ్గర ముప్పై ఎనిమిది ఉత్తరాల నకళ్ళున్నాయి, చదివిన వాళ్ళకు వేరే జవాబు అక్కర్లేదు. రెండోది, నిర్ణయించిన పాఠ్యాంశంలో లేని కృత్యాన్ని సొంతంగా కల్పించి చేయించడం. దీని మీదే ఉద్యోగం పోవచ్చునని మా సైన్సు మాస్టారు అంటున్నారు. మిగతా రెండూ దీని మీదే నిలబడ్డాయి.

ఈ రెండోదానికి జవాబు నీ దగ్గర ఉంది. నేనడిగేది ఒక్క వాక్యం. ఈ కృత్యాన్ని నేను కల్పించలేదని, అది మీ కార్యాలయం తయారు చేసిన ప్రూఫులో ఉన్నదని రాసి సంతకం పెట్టు. నా తరఫున బతిమాలొద్దు. జరిగింది రాయి చాలు.

సీసాల ఫ్యాక్టరీ యజమాని వార్డు సభ్యుడికి వియ్యంకుడట. ఈ సంగతి నాకిప్పుడే తెలిసింది. ఆడిటరు రెండు రోజులుగా బడికి రావడం లేదు.

అక్క

&nbsp;

సెప్టెంబరు 9

అక్కా,

మూడుసార్లు రాసి చింపేశాను, ఇది నాలుగోది.

"జవాబు రాని ఉత్తరం పిల్లల చేత రాయించకు." నీ చేతివ్రాతే, ఎర్రసిరా, కింద రెండు గీతలు. ఆ ప్రూఫు ఇప్పుడు నా ముందు ఉంది. ఏ వార్డు కార్యాలయమైనా తొమ్మిదో తరగతి పిల్లలకు జవాబు రాస్తుందా? రాయదు. కాబట్టి రాయించవద్దన్నావు. పిల్లలు ఆశపడి భంగపడతారని నీ భయం అనుకున్నాను. అందుకే ఊహించమన్నాను. నిన్ను నమ్మి మార్చాను అక్కా, ఎవరికో భయపడి కాదు.

ఇక నువ్వడిగిన వాక్యం. ప్రూఫు నీ దగ్గరికి ఎలా వచ్చిందని మొదటి ప్రశ్న వేస్తారు. కార్యాలయ పత్రం బయటికి పంపడం నేరం. పదకొండేళ్ళుగా పంపుతున్నాను. కుర్చీ సంగతి వదిలేయి, ఉన్న ఉద్యోగమే ఉండదు. అప్పుడు నీకూ ప్రయోజనం లేదు, తరువాతి పుస్తకంలో నాలుగు మంచి పంక్తులు పెట్టేవాడూ ఉండడు. నేను లోపల ఉంటేనే కదా ఏదైనా చేయగలిగేది.

రాత్రంతా కూర్చుని ఒక దారి ఆలోచించాను. అచ్చుపుస్తకంలో ఏముంది? ఊహించి రాయమని ఉంది. పిల్లలు అలాగే ఊహించి రాశారు, అభ్యాసం కోసం రాసిన ఆ కాగితాలు పొరపాటున వార్డు కార్యాలయానికి చేరాయి. అంతే. పాఠ్యాంశం దాటినట్టు కాదు, రాజకీయం కాదు. నువ్వు బయటపడతావు. పిల్లలు బయటపడతారు, వాళ్ళ తల్లిదండ్రుల జోలికీ ఎవరూ రారు. వాంగ్మూలం చిత్తుప్రతి జతచేశాను. ఒక్క సంతకం పెడితే చాలు. ఎవరికీ నష్టం లేని పరిష్కారం ఇంతకన్నా ఉంటుందా?

నీ తమ్ముడు

&nbsp;

సెప్టెంబరు 15

తమ్ముడికి,

జవాబు రాని ఉత్తరం రాయించకు అంటే, జవాబు వచ్చే ఏర్పాటు చేయమని. ఆ కృత్యం కింద అయిదో పంక్తి రాయమని. ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి, ఇన్ని రోజుల్లో బదులు రాకపోతే పై కార్యాలయానికి రాయండి అని. పుట్టినప్పటి నుంచీ నన్నెరిగినవాడివి, పిల్లల్ని వెనక్కి లాగమని నేను ఎర్రసిరాతో రాస్తానా? సరే, నాలుగు మాటల్లో రాశాను, విడమరచి రాయలేదు. అది నా తప్పు. అర్థం కాకపోతే అడగకపోవడం, ఒప్పుకున్న సంఘం ఒక్క నిమిషంలో ఎందుకు ఒప్పుకుందో అనుమానించకపోవడం నీ తప్పు.

నీ చిత్తుప్రతి చదివాను, మంచి భాష. ముప్పై ఎనిమిది మంది పిల్లలు కళ్ళతో చూసినదాన్ని చూడలేదని వాళ్ళ టీచరే రాసివ్వాలి. చూసింది రాయమని వాళ్ళకు చెప్పింది నేను. "ఎవరికీ నష్టం లేదు" అన్నావు. ఆడిటరు బడికి తిరిగి వచ్చింది, వెనక బెంచీలో కూర్చుంటోంది. తండ్రిని ఫ్యాక్టరీ ఆఫీసులోకి మూడుసార్లు పిలిచారట.

విచారణ ఇరవై ఎనిమిదిన. మా బడిలోనే, పెద్ద మేడం గదిలో. విద్యాధికారి వస్తాడు. రాగలిగితే రా. రాలేకపోతే ఆ ఒక్క వాక్యం పంపు. ప్రూఫు నీ దగ్గరి నుంచి వచ్చిందని నా నోటితో నేను చెప్పను, అంతవరకు నిశ్చింతగా ఉండు. చెప్పవలసింది నువ్వు.

అక్క

&nbsp;

సెప్టెంబరు 23

అక్కా,

నువ్వు అడిగినది జతచేశాను. కార్యాలయం కాగితం మీద, ముద్రతో, నా సంతకంతో. "సదరు పాఠం రూపకల్పనలో వివిధ దశల్లో వివిధ రకాల కృత్యాలు పరిశీలనకు వచ్చి ఉండవచ్చును. అంతిమంగా ఆమోదించిన పాఠమే ప్రామాణికము." న్యాయ సలహాదారు చూసి, ఇంతవరకే రాయవచ్చునన్నాడు. చదవగానే నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ "వచ్చి ఉండవచ్చును" అన్నాను కదా. అది చిన్న మాట కాదు, నువ్వు ఈ కార్యాలయంలో ఉంటే తెలిసేది.

రాలేను. ఇరవై ఎనిమిదిన నా ఇంటర్వ్యూ.

ఇంకొక సంగతి, నువ్వు తరువాత వేరేవాళ్ళ ద్వారా వినడం ఇష్టం లేక నేనే చెబుతున్నాను. మీ విద్యాధికారి నాకు పాత పరిచయం. నిన్న ఫోన్ చేశాను. నువ్వు మొండికేసినా ఆయనకు దారి కనబడాలని, ఆ చిత్తుప్రతి సంగతి చెప్పాను, అడిగితే ఒక ప్రతి కూడా పంపాను. చాలా సంతోషించాడు. "ఇంత తేలికైన మార్గం ఉందని మాకు తట్టనే లేదు, పుస్తకం రాసినవాళ్ళ బుర్రే వేరు" అన్నాడు. నిన్ను కాపాడడానికే చేశాను. ఇప్పుడు తిట్టినా, ఒక ఏడాది పోయాక నీకే తెలుస్తుంది.

తమ్ముడు

&nbsp;

అక్టోబరు 7

తమ్ముడికి,

మరదలు ఫోన్ చేసి నీకు కుర్చీ వచ్చిందని చెప్పింది. శుభం. ఇది అభినందన ఉత్తరం అనుకుని విప్పితే అలాగే అనుకో.

విచారణలో ఏం జరిగిందో నువ్వు తెలుసుకోవాలి. నీ కాగితం విద్యాధికారికి ఇచ్చాను. ఆయన మొదటి వాక్యం వేలితో దాటేసి రెండోది పైకి చదివాడు. "ఆమోదించిన పాఠమే ప్రామాణికమని మీ సాక్షే అంటున్నాడు కదమ్మా." అనేసి తన ఫైలులోంచి నీ చిత్తుప్రతి తీశాడు. అప్పటికే టైపు చేయించి ఉంది. పిల్లలకు ముప్పై ఎనిమిది ప్రతులు వేరే ఉన్నాయి. నాకోసం ఒకటి, కామాలతో సహా నీవే. కేకలు వేయలేదు, బెదిరించలేదు. చాలా మర్యాదస్తుడు. "పిల్లల భవిష్యత్తు" అని అయిదారుసార్లు అన్నాడు. నేను సంతకం పెట్టనన్నాను. వారం గడువిచ్చాడు.

ఆ వారంలో పిల్లలు ఒక్కొక్కరే పెట్టేశారు. తల్లిదండ్రులు పక్కన నిలబడి పెట్టించారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, నిజంగా లేదు. అయిదు రోజులకు ముప్పై ఏడు అయ్యాయి. ముప్పై ఎనిమిదోది ఆడిటరుది.

శుక్రవారం బడి విడిచాక స్టాఫ్ రూముకు వచ్చింది. వెనకే వాళ్ళ నాన్న. చొక్కాకు పై గుండీ కూడా పెట్టుకుని వచ్చాడు, ఏదో పెద్దవాళ్ళ ఇంటికి వచ్చినట్టు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఫ్యాక్టరీ హాజరులో నేను ఆ రోజు కొలిమి దగ్గర ఉన్నట్టుంది మేడం. అది దిద్దారు. మధ్యాహ్నం నుంచి సెలవు కింద రాశారు. సభకు వెళ్ళానని నేను కూడా కాగితం రాసిచ్చాను. ఇప్పుడు అన్ని కాగితాలూ సరిపోయాయి, మా అమ్మాయిదీ మీదీ తప్ప."

నేను ఆ పిల్ల వైపు చూశాను. "నువ్వేమంటావు?" అన్నాను.

"మా నాన్న వెళ్ళాడు మేడం" అంది.

"అన్నం నువ్వే తీసుకెళ్ళి ఇచ్చానన్నావు కదే?"

తండ్రి వైపు చూడలేదు, నా వైపు కూడా చూడలేదు. "ఊహించుకున్నాను మేడం. మీరూ పెట్టేయండి. మీరు పెట్టకపోతే మా నాన్నది అబద్ధం అవుతుంది."

చిన్నా, ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. నీ చిత్తుప్రతి చదవలేదు. నువ్వొకడివి ఉన్నావని కూడా దానికి తెలియదు. నా ఉద్యోగం పోతుందన్న భయానికైతే పెట్టేదాన్ని కాదు, ఇరవై రెండేళ్ళు చాలు అనుకున్నాను. కానీ దాని ఎదురుగా వాళ్ళ నాన్నను అబద్ధికుణ్ణి చేయడం నావల్ల కాలేదు. అది పెట్టింది, దాని కింద నేను పెట్టాను. తండ్రి చేతులు జోడించాడు. అమ్మాయి మాత్రం నమస్కారం పెట్టకుండా వెళ్ళిపోయింది. నువ్వన్నట్టు అందరం బయటపడ్డాం. మెమో వెనక్కి తీసుకున్నారు. పెద్ద మేడంకి నాకు అనుమతి ఇచ్చిన సంగతి కూడా గుర్తుకొచ్చింది.

బడి వెనక షెడ్డుకు గుంతలు తవ్వుతున్నారు, కిటికీ మూసి పాఠం చెప్పవలసి వస్తోంది.

నాకిక ప్రూఫులు పంపకు. కోపంతో అనడం లేదు. నేనేం రాసినా దాన్ని నువ్వేం చేస్తావో, నువ్వేం రాసినా దాన్ని వాళ్ళేం చేస్తారో చూశాక, ఆ సిరా మూత తీయబుద్ధి కావడం లేదు. నీకు అన్నం పెట్టడానికి ఈ ఇల్లు ఎప్పుడూ ఉంటుంది, మరదలిని తీసుకుని రా. పాఠాల మాట మాత్రం మన మధ్య వద్దు.

నిన్న ఆరో పాఠం మళ్ళీ మొదటి నుంచి, నీ అచ్చుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నలభై నిమిషాలు చప్పుడు లేదు, అందరూ చక్కగా రాసుకున్నారు. చివర్లో "సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగాను.

ఎవరికీ లేవు.

అక్క